పదసూచి కూర్చినవారు

శనివారం ఉదయం. వంటింట్లో భార్యాభర్తలు. గుమ్మం పక్కన కుర్చీలో అతని తల్లి.

"కూరగాయలు తరిగే చెక్క ఏదీ అంటే పలకవేం?"

"లాప్‌టాప్ కింద ఉంది."

"చెక్కా? లాప్‌టాప్ కిందా?"

"దాని అడుగు కాలిపోతోంది. కింద చెక్క పెడితే ఓ గంట ఓర్చుకుంటుంది."

"మరి ఉల్లిపాయలు నా అరచేతిలో తరగనా?"

"పళ్ళెంలో తరగండి. ఏడాదికోసారి తరిగేదానికి చెక్కే కావాలా?"

"అమ్మా, విన్నావా?"

"విన్నానురా, చెవులు బాగానే ఉన్నాయి. ముందు ఉల్లిపాయ తరుగు."

"ఈ ఛార్జరు వైరుకు బట్టల క్లిప్పేమిటి?"

"క్లిప్పు ముట్టుకోకండి! అది తీస్తే..."

"ఆరిపోయింది."

"ఆరిపోదూ మరి! బ్యాటరీ చచ్చి ఏడాదైంది. ఏడో పుస్తకం పదసూచి, 'మ' అక్షరం దాకా వచ్చాను. మళ్ళీ తెరుచుకోడానికి పావుగంట."

"దాచుకున్నావా, పోయిందా?"

"రెండు మాటలకోసారి దాచుకుంటూనే ఉంటాను. దీంతో కాపురం అలా నేర్పింది."

"సరే, నే చెప్పేది విను. నేను కొత్తది కొనుక్కుంటా. నాది నీకిచ్చేస్తా. దీన్ని పాత సామాన్లవాడికి..."

"మీది నాకొద్దు."

"నాలుగేళ్ళదే. బాగానే ఉంది."

"బాగానే ఉంటే మీరే వాడుకోండి."

"అదేం మాట?"

"ఉన్నమాట. మీ ఫోను మీకు విసుగేస్తే నాకు. మీ కుర్చీ చక్రం ఊడితే నాకు. ఇదీ అలా వచ్చిందే. ఈ ఇంట్లో నా వాటాకి కొత్తగా వచ్చింది నేనొక్కదాన్నే."

"నువ్వు మాత్రం కొత్తేమిటే అమ్మాయ్, పాతికేళ్ళయింది."

"మీరూరుకోండి అత్తయ్యా."

"అయితే నీకూ కొత్తదే కొందాం. సరా?"

"కొందామంటారు. నెల తిరక్కుండా, రోజుకు రెండు గంటల పనికి కొత్తదెందుకూ అంటారు. నేను దీన్నే బాగుచేయిస్తాను."

"ముసలిదానికి టానిక్కులు పట్టినట్టుంటుంది."

"నా ముందేనట్రా ఆ మాట?"

"నిన్ను కాదమ్మా!"

"ఇది తెరుచుకోగానే ప్రెస్సువాళ్ళకి ఉత్తరం రాయాలి. ఆరు పుస్తకాలు చేశాను వాళ్ళకి. నాలుగేసి వందల పేజీలు చదివి, ఏ మాట ఏ పేజీలో ఉందో చీటీల మీద రాసి, అక్షరాల వరసన పేర్చాను. ఇన్నాళ్ళూ ఎవరి పేరూ వేసేవారు కాదు. మొదటిసారి వేశారు. 'పదసూచి కూర్చినవారు' అని వేసి, ఎదురుగా మీ పేరు!"

"ప్రెస్సులో పొరపాట్లు మామూలేలే."

"ఎవరు పొరబడ్డారో అడగాలి."

"అడిగి ఏం చేస్తావు? అచ్చయిపోయింది. ఎవరి పేరైతేనేం, ఇంట్లో పేరేగా. అబ్బ, ఈ ఉల్లిపాయ కళ్ళు తినేస్తోంది."

"ఇంకా తరగలేదు మీరు."

*

రిపేరు షాపు. కౌంటరు వెనక స్క్రూడ్రైవరుతో ఒక అమ్మాయి.

"ఇది లాప్‌టాపా, పిండి జల్లెడా ఆంటీ?"

"వంటింట్లో వాడతాను."

"తెలుస్తూనే ఉంది. కీబోర్డులో జీలకర్ర వచ్చింది."

"మా ఆయన ఇది చచ్చిందంటున్నారు."

"చావలేదు. ఊపిరాడట్లేదు, అంతే. ఫ్యాను తుడుద్దాం. కొత్త డిస్కు, కొత్త బ్యాటరీ వేసి, మెమరీ కొంచెం పెంచుదాం. నాలుగేళ్ళు ఢోకా లేదు."

"చెక్క?"

"ఏం చెక్క?"

"ఏం లేదు. కానీ. అయ్యేదాకా ఇక్కడే కూర్చుంటాను."

"ఈ ఫైళ్ళన్నీ కొత్త డిస్కులోకి ఎక్కించాలా? సార్‌వి కదా, ఓమాట ఆయన్నడగండి."

"ఏ సారు?"

"ప్రతి ఫైలుకీ 'రచయిత' అని ఒకాయన పేరుంది. ఇదిగోండి, చూడండి."

"అది మా ఆయన పేరు. ఫైళ్ళు నావి. ఒక్కక్షరం కూడా ఆయన కొట్టలేదు."

"కొన్నప్పుడు ఆయన పేరుతో మొదలెట్టి ఉంటారు. తర్వాత ఎవరు కొట్టినా ఆ పేరే పడుతుంది."

"ఎప్పట్నించి?"

"మొదటి ఫైలు నించి. మెయిలూ ఆయన పేరే. ప్రతి ఉత్తరం కిందా ఆయన ఫోన్ నంబరే."

"అంటే ప్రెస్సువాళ్ళు పొరబడలేదు."

"ఆంటీ? మంచినీళ్ళు కావాలా?"

"వద్దు. ఫోను కూడా ఆయనకే చేసుంటారు... కొత్త డిస్కులో పేరు మార్చొచ్చా?"

"మార్చొచ్చు. ఏం పేరు పెట్టమంటారు?"

"నాది."

"చెప్పండి, కొడతాను."

"ఇటు జరుగు. నేనే కొట్టుకుంటాను."

*

ఆ రాత్రి భోజనాల బల్ల దగ్గర. ముగ్గురూ.

"ఓహో, చెక్క తిరిగొచ్చిందే!"

"దాంతో పనైపోయింది. లాప్‌టాప్ నిమిషంలో తెరుచుకుంటోంది."

"భేష్. తిన్నాక ఓసారి చూస్తా."

"పాస్‌వర్డు మార్చాను."

"నాక్కూడా చెప్పవా?"

"అన్నం కలుపుకోండి. ఒక్క మాట అడుగుతాను. ప్రెస్సువాళ్ళు మీకు ఫోన్ చేశారా?"

"ఎప్పుడు?"

"ఎప్పుడని అడిగారంటే చేశారన్నమాట."

"ఒకసారి... చేసినట్టున్నారు."

"ఒకసారేనా?"

"మూడుసార్లు. 'మీకెంత ఓపికండీ' అన్నారు. అంత మర్యాదగా అంటుంటే మధ్యలో అడ్డొచ్చి కాదనడం ఏం బావుంటుంది?"

"ఓపికా? వీడికా? వాళ్ళు వీణ్ణెప్పుడైనా చూశారుటే?"

"అమ్మా!"

"మరి మీరేమన్నారు?"

"థాంక్స్ అన్నాను."

"ఇంకా?"

"పేరెలా వేయమంటారని అడిగారు. చెప్పాను."

"చెప్పారా!"

"ఇంటిపేరుతో సహా. ఆ ఊపులో వచ్చేసింది."

"సరే. నేను తేల్చుకున్నాను, ఇద్దరూ వినండి. కొత్తది కొనక్కర్లేదు, మీది నాకక్కర్లేదు. పాతదే ఉంటుంది, నా పేరుతో ఉంటుంది. మెయిలు కూడా నాది నేను తెరుచుకున్నాను. పాత మెయిలు మీకు వదిలేశాను. అందులో వచ్చిన పని కూడా."

"ఏం పని?"

"కొత్త పుస్తకం. చెట్ల మందుల మీద. ఐదొందల అరవై పేజీలు. మీ పేరు రాసి, 'తమరు కూర్చితేనే మాకు తృప్తి' అన్నారు. గురువారానికి కావాలిట."

"నాకు రాదుగా!"

"ఆ సంగతి వాళ్ళకు మీరు చెప్పలేదు."

"ఎప్పట్లా నువ్వే..."

"ఎప్పట్లా అన్నది పొద్దున్నతో సరి. మీకోసం చీటీలు తెచ్చాను. నా పాతవి కావు, కొత్త కట్ట. విప్పను కూడా లేదు."

"నా పరువేం కాను? అమ్మా, నువ్వైనా చెప్పు."

"చెప్తున్నా. ఎడం చేత్తో ఫోనందుకో."

"అన్నం మధ్యలోనా?"

"మూత పెడతాను, చల్లారదు. స్పీకర్లో పెట్టండి."

"హలో... ఆఁ, నేనేనండీ. భోజనాల వేళ చేశాను, ఏమనుకోకండి. ఆ మందుల పుస్తకం... అదికాదండీ, ఒక్క నిమిషం నన్ను చెప్పనివ్వండి. ఆ ఆరు పుస్తకాల్లో నేను చేసింది ఒక్క చీటీ కూడా లేదు. అన్నీ మా ఆవిడ చేసింది. మీరు పొగిడితే నేను ఊరుకున్నాను. తప్పు నాది."

"తెలుసు సార్. పొద్దున్న రిపేరు షాపు నించి మేడమే ఫోన్ చేశారు. పుస్తకం ఆవిడ కొత్త మెయిల్‌కి అప్పుడే పంపేశాం. రాత్రి అన్నం తినేలోపు మీరూ చేస్తారని కూడా అన్నారు, మేమే నమ్మలేదు."