మన బూత్‌లో పడ్డ ఒక్క ఓటు

వార్డు ఎన్నికల లెక్కింపు ముగిసిన సాయంత్రం, ఓడిపోయిన అభ్యర్థి తన ఇంటి ముందుగదిలో గోడకున్న పోస్టర్లు పీకుతున్నాడు. భార్య గుమ్మంలోంచే నిలదీసింది.

“ఏ మిషన్ లెక్క ఆ మిషన్‌దే విడిగా చదివారట. మన బూత్‌లో మీకు పడింది ఒక్క ఓటేనటగా?”

“అవును. వదిలెయ్.”

“ఎలా వదిలేస్తానండీ? నేను మీకే నొక్కాను. మీరూ నొక్కుకున్నారు. రెండుండాలా వద్దా? ఆ మిషన్‌లో ఏదో మోసం ఉంది. పదండి, ఫిర్యాదు చేద్దాం. నేను సాక్ష్యం చెప్తాను.”

“మిషన్ బాగానే ఉంది.”

“మీకెలా తెలుసు?”

“నేను నర్సుగారికి నొక్కాను.”

“మీ మీద పోటీ చేసినావిడకా? మతిగానీ పోయిందా?”

“ఆ అట్ట చాటున ఒక్కణ్ణే నిలబడ్డాను. నా ఫొటో, దాని కిందే ఆవిడ ఫొటో. అమ్మ మంచాన పడ్డప్పుడు పిలవకుండానే వచ్చి పుండ్లు కడిగిన మనిషి. నెల్లాళ్లుగా మైకు పట్టుకుని ఆవిణ్ణి నానా మాటలూ అన్నాను. ఎదురుపడి తప్పయిందని చెప్పే మొహం లేదు. అందుకని ఆవిడ మీట నొక్కేశాను.”

“ఆ ముక్క నాతో ముందే అనొచ్చుగా.”

“అంటే ఏం చేసేదానివి?”

“నేనూ ఆవిడకే వేసేదాన్ని. మీకు మీ ఓటొక్కటే పడితే నలుగురిలో చిన్నబోతారని, మనసు చంపుకుని మీకు నొక్కి వచ్చాను.”