చుక్క నీళ్లు లేని ఇల్లు

నీటి సరఫరా ఆఫీసులో ఫిర్యాదులు రాసుకునే కోడలు, భర్త పోయిన రెండు నెలలకు దేవుడి ముందు కూర్చుంది. లేచింది. మళ్లీ కూర్చుంది. వెనకే అత్తగారు.

"అందరినీ చల్లగా చూడు స్వామీ," అని కోడలు దణ్ణం పెట్టింది.

"ఎవర్నే ఆ దేవుడు చల్లగా చూసింది?"

"దేవుడితో అలా మాట్లాడతారా అత్తయ్యా?"

"ఎవరైనా మీ ఆఫీసుకొచ్చి అంతా బాగానే ఉందండీ అంటే ఏం రాసుకుంటావు?"

"ఏం రాస్తాను? ఫిర్యాదు లేదని పంపించేస్తాను."

"అరిస్తే?"

"కుర్చీ వేస్తాను. వాళ్లింట్లో చుక్క నీళ్లుండవు పాపం."

"మరి మనింట్లో ఉన్నాయా?"

కోడలు దేవుడి వైపు తిరిగింది.

"స్వామీ... ఆయన చెప్పులు ఇంకా గుమ్మంలోనే ఉన్నాయి. నన్నేం చేయమంటావు? చెప్పవేం?"

అత్తగారు పక్కనే చతికిలబడింది.

"ఆ చెప్పులు కొనిచ్చింది నేను. నాదీ రాసుకో స్వామీ."