కిందికి చూసే కొమ్ము

బండ్ల కుస్తీ ఫైనల్లో ఓడిన బండిని అక్కడికక్కడే నుజ్జు చేస్తారు. బరి పక్క షెడ్డులోంచి మెకానిక్ పిన్ని, బరిలో బండి నడుపుతున్న అమ్మాయితో మైకులో మాట్లాడుతోంది.

“పిన్నీ, మన బండి కొమ్ము కిందికి చూస్తోందేంటి? నేల దున్నడానికా?”

“కంగారులో తలకిందులుగా బిగించానే. నా చేతులు పడిపోను! వెనక్కొచ్చెయ్.”

“ఇప్పుడా? అవతలి వాళ్ల బండి, డ్రైవర్ లేని ఆ ఇనప ఏనుగు, మీదికొచ్చేస్తోంది!”

ధడేల్‌మంది. పిన్ని కళ్లు మూసుకుంది.

“అమ్మాయ్! పలకవే!”

“బండి బోర్లా పడింది. బెల్టుకి గబ్బిలంలా వేలాడుతున్నా.”

“చక్రాలో?”

“బండికంటే ఎత్తు కదా, బోర్లా పడినా నేలకి ఆనే ఉన్నాయి. పిన్నీ... కొమ్మిప్పుడు పైకి చూస్తోంది!”

“ఇంకా చూస్తావేంటే? పొడిచి ఎత్తెయ్!”

జనం ఒక్కసారిగా లేచి అరిచారు.

“ఏనుగు వెల్లకిలా పడింది పిన్నీ! గెలిచాం!”

పిన్ని కళ్లు తుడుచుకుని గొంతు సవరించుకుంది.

“మరి? నేను బిగిస్తే ఊరికే బిగిస్తానా!”