హర్షిణి మోకాలు

కెనడాలోని స్కార్‌బరోలో ఒక ఇంటి వంటగది. సాయంత్రం ఏడింటికి బాస్కెట్‌బాల్ ఆట. గారెలు వేస్తున్న పద్మిని దగ్గరికి, బేస్‌మెంట్‌లో అద్దెకుండే చాముండేశ్వరి మెట్లెక్కి వచ్చింది.

"కూర్చుని చెప్పవే. నువ్వలా నిలబడి మాట్లాడితే నాకు గాభరాగా ఉంటుంది."

"కూర్చుంటే చెప్పలేను ఆంటీ."

"అయితే ఒక గారె తిని చెప్పు. ఉప్పు సరిపోయిందో లేదో చూడు. ఆట అయ్యాక సగం స్కార్‌బరో మనింటికే వచ్చేట్టుంది. మీ అంకుల్ నోట్లో నువ్వుగింజ నానదు కదా, ఆఫీసంతా చెప్పొచ్చారు. మా అమ్మాయి మళ్ళీ ఆడుతోంది, మా అమ్మాయి మళ్ళీ ఆడుతోంది అని."

"ఆంటీ, హర్షిణి ఈ పూట ఆడకూడదు."

"...ఉప్పు చూడమన్నానా?"

"ఉప్పు బాగుంది. ఆంటీ, నేను చెప్పేది—"

"అల్లం తగ్గిందేమో."

"అల్లం బాగుంది, అన్నీ బాగుండాయి. హర్షిణి మోకాలే బాగలేదు."

"ఎవరన్నారు? మొన్న టెస్టు పాసయింది. టీం డాక్టరే సంతకం పెట్టాడు. పరిగెత్తించారు, దూకించారు, చివరికి నిన్నే దానికి ఎదురు నిలబెట్టి ఆడించారు. ఆ రోజు ఇంటికొచ్చి నువ్వే అన్నావు, నేను పట్టుకోలేకపోయాను ఆంటీ అని. అన్నావా లేదా?"

"అన్నా."

"మరి?"

"ఆ రోజు నిజంగానే బాగా ఆడింది. నేనే నోరెళ్ళబెట్టినా. కానీ మర్నాటి నుంచి వింటా ఉండా కదా."

"ఏం వింటున్నావు?"

"మీ హాలు నా నెత్తి మీదే కదా ఆంటీ. ఎవరు నడిచేదీ నాకు తెలుస్తాది. అంకుల్ చెప్పులు ఈడ్చుకుంటా నడుస్తాడు. మీరు గబగబా తిరుగుతారు. హర్షిణిది ఒక అడుగు గట్టిగా, ఒక అడుగు మెత్తగా. ఎడమ కాలు ఆనించేదే లేదు. నిన్న లాండ్రీకి కిందికొచ్చింది. మెట్ల మీద కూర్చుని జరుక్కుంటా దిగింది, పసిపిల్ల దిగినట్టు. నేను చూసినానని తెలిసి ఫోన్ చూసుకుంటా ఉన్నట్టు నటించింది."

"ఆపరేషనైన కాలు. చలికి కాస్త పట్టేసి ఉంటుంది. నవంబరొస్తే నా మోకాళ్ళే పట్టేస్తాయి ఈ దేశంలో."

"ఆంటీ, మీరు డాక్టరు."

"ఎక్కడి డాక్టర్నే. గుంటూర్లో డాక్టర్ని. ఇక్కడ డాక్టర్ల పక్కన నిలబడి సామాను అందించేదాన్ని."

"అయినా మీరు డాక్టరే. ఆ మోకాలిని ఒక్కసారి చేత్తో పట్టుకుని చూడండి, మీకు తెలిసిపోతాది. మీరు చెప్తే కోచ్ వింటాడు. ఇంకా టైముంది. కారు తీయండి, పోదాం."

"చాముండీ, ఒక మాట అడుగుతా. బాధపడకు."

"అడగండి."

"అది ఆడితే నీ చోటు పోతుంది. అంతేనా?"

"అంతే."

"ఆ జీతాల గొడవేంటో నాకు సరిగ్గా అర్థం కాలేదు. హర్షిణి చెప్పింది గానీ సగం ఇంగ్లీషులో ఏడుస్తూ చెప్పింది."

"టీంలో అందరి జీతాలూ కలిపి ఒక గీత ఉంటాది ఆంటీ. ఏ టీమూ ఆ గీత దాటకూడదు. దెబ్బ తగిలి పడుకున్నోళ్ళ జీతం మాత్రం ఆ లెక్కలోకి రాదు. హర్షిణి పడిపోయినప్పుడు ఖాళీ అయిన జాగాలోనే నన్ను తీసుకున్నారు. ఇప్పుడు ఆమె లేస్తే ఆమె జీతం మళ్ళీ లోపలికొస్తాది, నేను బయటికి పోతా. ఇద్దరికీ జాగా లేదు."

"నిన్ను టీంలోకి తీసుకెళ్ళింది ఎవరు?"

"హర్షిణి."

"హాస్పిటల్లో మంచం మీద పడుకుని, కాలికి కట్టుతో, కోచ్‌కి ఫోన్ చేసింది. మా బేస్‌మెంట్‌లో ఒకమ్మాయి ఉంది, ఇండియాలో స్టేట్‌కి ఆడింది, నాకంటే బాగా ఆడుతుంది, చూడండి అని. నాకంటే బాగా అని చెప్పింది. నా ఎదురుగానే."

"తెలుసు ఆంటీ."

"తెలిసే వచ్చావా ఇవాళ? సరిగ్గా ఇవాళ? నాలుగేళ్ళ నుంచి నిన్ను అద్దెకున్న పిల్లలా చూశానా? పండగొస్తే దానికో డ్రెస్సు, నీకో డ్రెస్సు. దాన్ని ఏమే అంటే నిన్నూ ఏమే అన్నాను. తిన్నింటి వాసాలు లెక్కపెట్టడమంటే ఇదేనే. ఏడవకు. ఏడిస్తే నాకు ఇంకా ఒళ్ళు మండుతుంది."

"నేను ఏడవడం లేదు. ఇదే మాట హర్షిణి కూడా అనింది, అది గుర్తొచ్చింది."

"ఏమంది?"

"నిన్న మెట్ల మీద అడిగినా, నొప్పి ఉందా అని. యూ జస్ట్ వాంట్ మై స్పాట్ అనింది. నీకు నా చోటు కావాలి, అంతే కదా అని. తలుపు వేసుకుని పోయింది."

"అది అలా అందా?"

"రోజూ పొద్దున్నే నేనే కదా ఆంటీ జిమ్‌కి తీసుకుపోయింది. బంతి అందించింది నేనే. నా కాళ్ళకి దాని కాళ్ళు కట్టుకుని మరీ నడిపించినా. ఆమె లేస్తే నేను పోతానని నాకు మొదటి రోజు నుంచీ తెలుసు. తెలిసే లేపినా."

"ఉండు, ఫోను. హర్షిణే. నా చేతులు పిండిలో ఉన్నాయి, ఆ స్పీకర్ నొక్కు."

"అమ్మా! వచ్చేశా. వార్మప్ కూడా అయింది. అమ్మా, ఐ ఫీల్ నథింగ్! జీరో పెయిన్. ఆ కాలు నాది కానట్టే ఉంది, నువ్వు అన్నట్టే—"

"మంచిదమ్మా. మంచిది. పెట్టెయ్, నూనె కాగుతోంది."

"నో, వెయిట్. చాముండక్కకి ఎన్నిసార్లు కాల్ చేసినా ఎత్తట్లేదు. ఈజ్ షీ మ్యాడ్ ఎట్ మీ?"

"ఇక్కడే ఉంది. స్పీకర్లో ఉన్నావు."

"ఓ."

"మాట్లాడు మరి."

"అక్కా... నిన్న ఐ సెడ్ ఎ టెరిబుల్ థింగ్. సారీ. నా జీతం తగ్గించండి, ఇద్దరినీ ఉంచండి అని వాళ్ళని అడిగా. ప్రామిస్, అడిగా. కాంట్రాక్ట్ మధ్యలో కుదరదన్నారు."

"తెలుసులే. నీకు నొప్పి లేదా?"

"లేదు. ఐ స్వేర్."

"సరే. కుడి పక్కకే తిరుగు. ఎడమ కాలు ఒక్కదాని మీదే దిగొద్దు. దిగితే రెండు కాళ్ళ మీద దిగు."

"ఓకే కోచ్! నువ్వు వస్తావు కదా? ప్లీజ్ కమ్ అక్కా. నువ్వు లేకపోతే భయంగా ఉంటుంది."

"చూస్తాలే."

"లవ్ యూ. అమ్మా, లవ్ యూ. బై."

"చూశావా? నొప్పి లేదంటోంది. దాని నోటితోనే విన్నావుగా."

"విన్నా. అబద్ధం చెప్పేటప్పుడు ఐ స్వేర్ అంటాది ఆంటీ. నాకు తెలుసు."

"నా కూతురి సంగతి నాకు నువ్వు చెప్తావా?"

"ఇంకెవరు చెప్తారు? ఆ కాలితో రోజూ ఉన్నది నేను. ఈ పూట ఎవరైనా గట్టిగా గుద్దితే ఆ నరం మళ్ళీ తెగిపోతాది. ఈసారి తెగితే ఆట సంగతి దేవుడెరుగు, మెట్లు కూడా ఎక్కలేదు. అప్పుడు మీరేం చేస్తారు?"

"నువ్వు కోచ్‌కే చెప్పొచ్చుగా. నా ప్రాణం ఎందుకు తోడుతావు?"

"కోచ్ నన్ను అడిగినాడు."

"ఎప్పుడు?"

"పొద్దున. నువ్వు ఆమెకి ఎదురు నిలబడి ఆడావు కదా, ఆ మోకాలు నీకెట్లా అనిపించింది అని. ఆయనకీ లోపల అనుమానమే ఉన్నట్టుంది. నేను ఒక్క మాట అనుంటే చాలు. ఆమె ఇంకో నెల కూర్చునేది, నేను ఆడేదాన్ని."

"మరి అనలేదా?"

"ఎట్లా అంటా ఆంటీ? నీకు నా చోటు కావాలి అని చెవుల్లో మోగతా ఉంది. చెప్తే చోటు కోసం చెప్పినట్టు. చెప్పకపోతే ఆ పిల్ల కాలు పోతాది. ముందు నుయ్యి, వెనక గొయ్యి. అందుకే..."

"చాముండీ, అందుకే ఏం చేశావు?"

"ముందు సంతకం పెట్టేసినా."

"దేని మీద?"

"టీం వదిలేస్తున్నా అని. మధ్యాహ్నం. అంతా అయిపోయింది."

"ఏంటీ?"

"నాకు లాభం లేకుండా పోతే నా మాట నమ్ముతారు కదా అనుకున్నా. సంతకం పెట్టి, ఆ పెన్ను ఆయన చేతికిచ్చి, అప్పుడు చెప్పినా. కోచ్, ఆ మోకాలు నిలవదు, ఆడించొద్దు అని."

"ఆయనేమన్నాడు?"

"భుజం తట్టినాడు. నీ బాధ నాకు అర్థమవుతుంది అన్నాడు. సంతకానికి ముందు చెప్తే ఆశ అంటారు, తర్వాత చెప్తే అక్కసు అంటారు. నేనేం చేసేది ఆంటీ, ఏ వేళకి చెప్తే నిజమవుతాది?"

"సంతకం... పెట్టేశావా? నిజంగా పెట్టేశావా?"

"పెట్టేసినా."

"వెనక్కి తీసుకో. ఫోన్ చెయ్యి. పొరపాటున పెట్టాను, ఏడుపులో పెట్టాను అని చెప్పు. నేను చెప్తా ఆ కోచ్‌తో, ఇటియ్యి ఫోను."

"కుదరదు. హర్షిణి పేరు ఎక్కించేసినారు, ఆ గీత నిండిపోయింది. ఒకసారి వదిలేసినోళ్ళు మళ్ళీ ఈ సీజన్‌లో అదే టీంకి రాకూడదు, అదొక రూలు."

"ఎంత పని చేశావే తల్లీ."

"నూనె పొగలొస్తా ఉంది ఆంటీ."

"నూనె తగలడనీ. ఇప్పుడేం చేస్తావు నువ్వు?"

"ఏముంది. మళ్ళీ వేర్‌హౌస్. ఇక్కడికొచ్చిన కొత్తలో చేసినాను కదా, రాత్రంతా పెట్టెలు మోసుకుంటా. ఒక ఉద్యోగానికి వీధంతా లైను కట్టిన రోజులు అవి. ఆ లైన్లో నిలబడి అనుకునేదాన్ని, మదనపల్లెలో కప్పులు గెలిచిన చేతులు ఇవేనా అని. మళ్ళీ బంతి పట్టుకున్న రోజు రాత్రి నాకు నిద్ర పట్టలేదు ఆంటీ. ఆటంటే నాకు ప్రాణం. ఊరికే వదులుకోవడానికి నాకేమన్నా పిచ్చా?"

"ఒక్క మాట ముందు నాతో అనుంటే..."

"ఏం లాభం? ఇందాక అంటే వాసాలు లెక్కపెడుతున్నా అన్నారు."

"అన్నాను. నా నోరు పడిపోను. అన్నాను."

"ఏడవద్దు ఆంటీ. నేను మాటలు పడడానికి రాలేదు, మిమ్మల్ని ఏడిపించడానికీ రాలేదు. లేవండి. ఆరు కూడా కాలేదు. మీరు అమ్మ, మీరు డాక్టరు. మీరు పోయి ఆపితే ఆగుతాది. ఇప్పుడు నాకు ఏ ఆశా లేదు కదా, ఇప్పుడన్నా నమ్మండి."

"ఏడాదిన్నర అది గోడవైపు తిరిగి పడుకుంది, తెలుసా నీకు?"

"తెలుసు."

"తెలీదు. నువ్వొచ్చేసరికి లేచి నవ్వేది. నువ్వు కిందికెళ్ళగానే మళ్ళీ గోడ. పెట్టిన పళ్ళెం పెట్టినట్టే ఉండేది. ఒక రాత్రి నా చెయ్యి పట్టుకుని అడిగింది, అమ్మా, నేను ఆడకపోతే ఇంక నేనెవర్ని అని. ఏం చెప్పను?"

"ఆంటీ..."

"గుంటూరు అరండల్‌పేటలో నాకో బోర్డుండేది. డాక్టర్ పద్మిని అని, నల్ల రంగు మీద తెల్ల అక్షరాలు. దాన్ని దింపించిన రోజు మీ అంకుల్ అన్నారు, కెనడాలో ఇంతకంటే పెద్దది పెట్టిద్దాం అని. పరీక్షలన్నీ రాశా, అన్నీ పాసయ్యా. హాస్పిటల్లో ట్రైనింగ్ సీటు మాత్రం రాలేదు. ఇంకో ఏడు, ఇంకో ఏడు అనుకుంటూ ఉంటే జుట్టు నెరిసిపోయింది. ఆగిపోవడమంటే ఏంటో నాకు తెలుసే. ఒక్కసారి, ఒక్క ఆట, జనం చప్పట్లు కొడుతుంటే అది మళ్ళీ నవ్వితే చూద్దామనుకున్నా. అంతకంటే ఏమీ అనుకోలేదు."

"అనుకోండి, తప్పేముంది? కానీ మోకాలు బాగయినాక ఆడనీండి. ఇప్పుడొద్దు. నా మాట నమ్మి రండి ఆంటీ, కారు తాళం ఇదిగో. మీకు తెలీక ఆగినారు కానీ, తెలిస్తే ఏ అమ్మయినా పంపిస్తాదా?"

"నమ్మడానికేముందే పిచ్చిదానా... టెస్టు రోజున ఆ మోకాలికి మత్తు సూది వేసింది నేనే. ఇందాక కూడా నేనే వేసి పంపా."