లత కోసం తెచ్చిన పోగు

పాలకుర్తి దగ్గర ఒక ఊరు. ఆదివారం పొద్దున. వంటింట్లో బుచ్చమ్మ, ఏడో నెల గర్భిణి అయిన ఆమె కోడలు లత. బుచ్చమ్మ కొడుకు ఎల్లేశ్ నడకకు పోయి ఇంకా తిరిగి రాలేదు.

“...ముందుగాల నల్ల ఉడకబెట్టాలె. ఆ నెత్తురు గట్టిపడ్డంక ముక్కలు కోయాలె. బోటిని సున్నం రాసి వేడినీళ్లల్ల కడుగాలె. కార్జం నిప్పుల మీద కాల్చాలె. ఉల్లిగడ్డ కోయాలె, అల్లమెల్లిగడ్డ నూరాలె. ఇయన్నీ ఎల్లేశు వచ్చేసరికి కావాలె. ఇంటున్నవా లతా?”

“ఇంటున్ననత్తా. ఆయన చూస్తే...”

“చూస్తే చూడనీ. నేనేమన్న దొంగతనం చేసిన్నా? ఊర్లె నలుగురు కల్సి యాటను కోసిండ్రు. అందరితోటి పాటు నేనూ ఒక పోగు తీసుకున్న. నల్ల మాత్రం పంచొద్దు, మొత్తం నా కోడలుకే కావాలెనని బతిమిలాడి తెచ్చిన.”

“ఎందుకత్తా గంత కష్టం?”

“ఎందుకేంది? మొన్న జనగామ దవాఖానల డాక్టరమ్మ ఏమన్నది? రక్తం ఏడే ఉన్నది, నెల తిరిగేసరికి పెరగకపోతే వరంగల్ పొమ్మన్నది. గింత తక్కువ రక్తంతోటి కాన్పు చేస్తే పానానికే కష్టమన్నది. ఆ మాట విన్న కాన్నుంచి నాకు కన్ను మూతవడుతలేదు.”

“గోలీలు ఏసుకుంటున్న గదా.”

“ఏసుకో. వద్దంటున్ననా? గోలీకి తోడు కడుపుల ఇంత బలమైన కూడు పడాలె. మంట జర తగ్గియ్యి, అడుగంటుతది.”

“అత్తా, చెప్పుల చప్పుడు. వచ్చిండు.”

“రానీ.”

“అవ్వా. ఏంది ఈ వాసన? అవ్వా, నిన్నే.”

“ముక్కున్నది గదా ఎల్లేశూ. ఏందో నువ్వే చెప్పు.”

“మనింట్ల నీసు బందని చెప్పిన్నా లేదా? బాపు దినాలు అయిపోయిన్నాడే చెప్పిన.”

“నువ్వు చెప్పినవు. నేను ఊఁ కొట్టలే.”

“బాపు ఎట్ల పోయిండో మరిచిపోయినవా? పొలం ఒడ్డు మీద గుండె పట్టుకొని కూలబడ్డడు. వారం వారం కొవ్వు ముక్కలు ఏరుకొని మరీ తినె. నరాలల్ల కొవ్వు పేరుకున్నదని డాక్టరు చెప్పలే?”

“డాక్టరు బీడీల సంగతి గూడ చెప్పిండు. గది మాత్రం నీకు ఇనవడలే. మీ బాపు పొద్దంత బీడీలు కాల్చె, పొద్దుమూకితే మందు తాగె. గా పాపమంత తీస్కపోయి యాట మీద నూకుతున్నవు. గదేం చేసింది, చెట్టు మీది ఆకు మేసింది.”

“నవ్వులాట కాదవ్వా. నేను చదువుకున్నోన్ని. బడిల పిల్లలకు పాఠం చెప్పేటోన్ని. తెల్వకుంట మాట్లాడుతున్ననా?”

“కోళ్లను అమ్మి నిన్ను చదివిచ్చిన. గప్పుడు గా కోళ్లు మంచియేనా?”

“గది వేరు, గిది వేరు. మాంసం అరగాల్నంటే ఎంత సేపు పడుతదో ఎరికేనా నీకు? ఇనుము మునగాకులున్నది, బీట్రూట్‌ల ఉన్నది, ఖర్జూరాలల్ల ఉన్నది. జనగామ పోయి నేనే తెస్తున్న గదా. మళ్ల గీ నెత్తురు తాగుడెందుకు?”

“తాగుతలేం, వండుతున్నం. మునగాకు వద్దన్ననా? అగో, పప్పుల ఏసిన, చూడు. రెండూ పెడుదామంటున్న నేను. నువ్వేమో ఒకటి చేతిల పెట్టి ఒకటి గుంజుకుంటున్నవు.”

“ఏదన్న ఐతే ఎవరు జిమ్మేదారు?”

“నేనే. నిన్ను మోసినప్పుడు మా అవ్వగారింట్ల కార్జం, కాళ్ల షోర్వ పెట్టిండ్రు. పుట్టంగనే వాడకట్టంత ఇనవడేటట్టు ఏడ్చినవు. ఇయ్యాల్టి దాక ఆ గొంతు తగ్గలే.”

“లతా, నువ్వు చెప్పు. గిది కావాల్నా నీకు?”

“నేనేమంటానంటే...”

“చూసినవా అవ్వా, ఆమెకు వాసనే పడుతలేదు.”

“ఆమె నోరు తెరవనన్న తెరిచిందా? లతా, మొగనికి భయపడకు. కావాలని చెప్పు.”

“అత్తా, అసలు సంగతేందంటే...”

“కావాలన్నది. ఇన్నవా?”

“ఏడన్నది? సరే, ఒక్కటే అడుగుత, జవాబు చెప్పవ్వా. లతకు మొదటిసారి రక్తం పరీక్ష చేసినప్పుడు బాపు బతికే ఉండె. గప్పుడు మనింట్ల వారం వారం మాంసం వండుతుంటిమి. ఔనా, కాదా?”

“ఔను.”

“పెండ్లై వచ్చిన కాన్నుంచి రెండేండ్లు అదే తిండి. మరి గప్పుడు గూడ రక్తం ఎనిమిదే ఎందుకున్నది? మాంసం గంత మంచిదైతే ఏడ పోయింది ఆ రక్తం?”

“గది... గప్పుడు వాంతులుండె.”

“వాంతులు ఒక్క నెల. రెండేండ్లది ఏమాయె? నీ కార్జం ఏం చేసింది? నీ బోటి ఏం చేసింది? చెప్పవేంది?”

“మరి నీ ఆకులు ఏం చేసినయిరా? మీ బాపు పోయిన కాన్నుంచి ఇంట్ల ఆకులే ఉడుకుతున్నయి. ఎనిమిది ఉన్న రక్తం ఏడైంది. పెరిగిందా?”

“పెరగలే.”

“పెరగలే గదా.”

“అంటే ఈమె ఒంట్లెనే ఏదో లోపమున్నదవ్వా.”

“నాకూ గదే అనిపిస్తాంది. ఏది తిన్నా ఒంటికి పడుతలేదు.”

“హైదరాబాద్ తీస్కపోయి పెద్ద దవాఖానల చూపియ్యాలె.”

“చూపియ్యాలె బిడ్డా. ఏది తిన్నా పడకపోవుడేంది?”

“తింటే గదా, పడేది.”

“ఏంది లతా?”

“తింటే గదా పడేది అంటున్న.”

“ఏం మాట్లాడుతున్నవు? రెండేండ్లు...”

“రెండేండ్లు వండిన. ముందుగాల మామకు పెట్టిన, ముక్కలేరి. ఎన్క నీకు. చుట్టమొస్తే చుట్టానికి. గటెన్క అత్తకు. నేను కూసునేసరికి గిన్నెల షోర్వ మిగులుతుండె. ఒక్కొక్కపారి గది గూడ లేకుండె. మాంసం తింటవా అని దవాఖానల నర్సమ్మ అడిగింది. మా ఇంట్ల వండుతరని చెప్పిన.”

“నోరులేదా బిడ్డా నీకు? ఇంత పెట్టుండ్రని అడుగద్దా?”

“కొత్త కోడలు ముక్క అడిగిందని ఊరంత చెప్పుకోనీకా?”

“సరే. గదంటే బాపు ఉన్నప్పటి సంగతి. ఇప్పుడు నేను తెచ్చే మునగాకు? బీట్రూట్? నీ కోసమే గదా తెచ్చేది.”

“నా కోసమే తెస్తవు. పొద్దుగాల బీట్రూట్ రసం తాగి నువ్వు వాకింగుకు పోతవు, గ్లాసు నేను కడుగుత. ఒంటికి మంచిదని మునగాకు పప్పు రెండుసార్లు ఏసుకుంటవు. ఖర్జూరాలు నీ బ్యాగుల పడి బడికి పోతయి.”

“నాకు... నాకు ఎవరూ చెప్పలే.”

“నువ్వు చూడలే.”

“లతా. మా అత్త బతికున్నన్ని దినాలు నేను గూడ షోర్వల అద్దుకొనే తిన్న బిడ్డా.”

“అందుకే అడుగుతున్నత్తా. ఆయనకు తెల్వదంటే తెల్వదు. నీకు తెల్సు గదా.”

“కూర అడుగంటుతాంది బిడ్డా.”

“అత్తా, పొయ్యి బందు చెయ్యి.”

“కంచం ఇటియ్యి బిడ్డా, నేను పెడుత.”

“వద్దు. నేనే పెట్టుకుంట. నల్ల పెట్టుకుంట, కార్జం పెట్టుకుంట, మునగాకు పప్పు గూడ ఏసుకుంట.”

“లతా, గా నల్ల మాత్రం జర ఆలోచించు...”

“నువ్వు అవుతలికి జరుగు, పీటేసుకోవాలె. ఇయ్యాల నేను ముందుగాల తింట. మీరిద్దరు ఆగుండ్రి.”

“ఆగుతనే బిడ్డా. నేను వద్దన్ననా?”

“మాంసం మంచిదా, ఆకు మంచిదా, నేను తిని లేచినంక కొట్లాడుకోండ్రి. రేపటి సంది ఏది వండినా సరే, కంచం ముందట కూసునేటప్పుడు, ఇంట్ల తిననిది ఇంకొకతి ఉన్నదని యాది పెట్టుకోండ్రి.”