ఈల మెడ పట్టుకున్న ఫిట్టరు

"నన్నడిగితే ఆ ఫ్యాక్టరీ ఈలని ఆపడం అంత పెద్ద విషయం కాదు. ఏదో చిన్న స్పానర్ పని," అన్నాడు ఫిట్టరు, టీ గ్లాసు బల్ల మీద పెట్టి.

ఆయన పెద్ద విషయం కాదన్నాడంటే పెద్దదే రాబోతోందని ఆ టీ కొట్టులో అందరికీ తెలుసు. లారీ డ్రైవరు బెంచీ మీద సర్దుకుని కూర్చున్నాడు. ఎదురుగా ఉన్న రేకుల ఫ్యాక్టరీలో డ్యూటీ దిగి, ఫిట్టరు మరదలు అప్పుడే వచ్చి గుంజకి ఆనుకుంది.

"కడిగిన రేకు ఆరాలంటే గాలి కొట్టాలి. మామూలు గాలా అది? గొట్టంలోంచి తూటాలా వస్తుంది. వచ్చి రేకుని ఫెడీమని కొడుతుంది. రేకు ఊరుకుంటుందా? చప్పుడు చేసి వెనక్కి తరుముతుంది. ఆ చప్పుడుకి గొట్టం మూతి దగ్గర గాలి ఉలిక్కిపడి వణుకుతుంది. వణుక్కుంటూ వెళ్లి ఇంకా గట్టిగా కొడుతుంది. అచ్చం అత్తాకోడళ్ల తగువే అనుకో. ఈవిడ ఒకటంటే ఆవిడ రెండంటుంది, ఆఖరికి వీధంతా వినపడేలా ఒకటే కేక, కీ...య్ అని!"

"చెవులు చిల్లులు పడవూ?" అన్నాడు డ్రైవరు.

"పడకేం? ఇదిగో, మా మరదలే సాక్షి. చెవులకి మూతలు పెట్టుకున్నా, ఇంటికెళ్లాక కూడా అదే ఈల. కూతురు పక్కనే నిలబడి 'అమ్మా' అని పిలిస్తే గోడతో చెప్పినట్టే. గోల తగ్గకపోతే రేకులు ఆరబెట్టే ఆ లైనే మూసేస్తామన్నారు పైవాళ్లు. చెవులు దక్కాలా, పని దక్కాలా? అందరి మొహాలూ వాడిపోయాయి. సరిగ్గా అప్పుడు, స్పానర్ పుచ్చుకుని నేను లేచాను!"

"లేచి?"

"లేచి, అత్తాకోడళ్ల మధ్యకి దూరినట్టు గొట్టానికీ రేకుకీ మధ్య తల పెట్టాను. గాలి నోట్లోకి కొట్టింది. బుగ్గలు పూరీల్లా పొంగాయి. సరే పొంగనీ అన్నాను. పొట్ట పొంగింది. చొక్కా గుండీలు ఊడిపోయి తగిలి సూపర్‌వైజర్ కళ్లద్దాలు పగిలాయి, ఆయన ఇప్పటికీ లోకాన్ని రెండు ముక్కలుగానే చూస్తాడు. ఆ తర్వాత ఏమైందో తెలుసా? కాళ్లు నేలని వదిలేశాయి!"

"నాయనా, నా కొట్టు పైకప్పు జాగ్రత్త," అంది టీ కాచే పెద్దమ్మ.

"నీ కప్పెంత పెద్దమ్మా! ఫ్యాక్టరీ కప్పే చీల్చుకుని పైకి పోయాను. మబ్బుల్లో విమానం ఎదురొచ్చింది. పైలట్టు నన్ను చూసి, పెద్దవాళ్లకి దారివ్వాలని పక్కకి తప్పుకున్నాడు. అక్కడ దొరికింది నాకు ఆ ఈల! మబ్బు చాటున నక్కి కూర్చుంది. మెడ పట్టుకున్నాను. పాములా మెలికలు తిరిగింది. ఇక లాభం లేదని దానికి మూడు ముళ్లు వేసి..."

"పెళ్లి చేసుకున్నావా అన్నా?" అన్నాడు డ్రైవరు.

"చీ, నోర్ముయ్! ముడి వేసి టిఫిన్ డబ్బాలో పెట్టి మూత బిగించాను. అంతే, ఊరంతా నిశ్శబ్దం. ఎంత నిశ్శబ్దమంటే, గోడ మీద చీమ తుమ్మితే పక్క వీధివాళ్లు 'చిరంజీవ' అన్నారు! ఆ తర్వాత కిందికెలా దిగానో తెలుసా?"

"నాకు తెలుసు బావా," అంది మరదలు. "ఫ్యాక్టరీలో పనిబల్ల కిందనుంచి పాక్కుంటూ వచ్చావు."

బెంచీ అంతా గొల్లున నవ్వింది.

"చప్పుడు తిన్నగా గొట్టం మూతికి తిరిగి రాకుండా రేకుని కాస్త వాల్చి చూద్దామంది ఇంజనీరమ్మ," అని మరదలు అందుకుంది. " మేమంతా తలో బోల్టూ వదులు చేసి వాల్చాం. ఒకసారి కుదర్లేదు, ఇంకోసారీ కుదర్లేదు. ఇంకొంచెం వాల్చేసరికి ఆ కీచు టక్కున ఆగిపోయింది. గాలి చప్పుడు మాత్రం మిగిలింది. నువ్వు రెండు చెవులూ మూసుకుని బల్ల కింద ఉన్నావు. 'ఆగిందా, ఆగిందా' అని అడుగుతూనే ఉన్నావు."

ఫిట్టరు మీసం కిందికి వాలింది. "మరి ఇన్నాళ్లూ నేనేం చెప్పినా బుద్ధిగా తలూపావు కదే? నమ్మావనుకున్నాను!"

"వినపడితే కదా నమ్మడానికి! చెవుల్లో ఆ హోరుకి నీ నోరు కదలడమే కనపడేది. పెద్దవాడివి కదాని తలూపేదాన్ని." ఆమె గొంతు కాస్త మెత్తబడింది. "నిన్న పొద్దున్న మా పిల్ల వంటింట్లో కూనిరాగం తీస్తుంటే గదిలోంచి విన్నాను బావా. దానికి పాట వచ్చని నాకు తెలీనే తెలీదు."

పెద్దమ్మ ఆమె చేతికి టీ అందించింది. ఫిట్టరు పైపంచెతో కళ్లు ఒత్తుకున్నాడు. అంతలోనే ఏదో తట్టినట్టు ఆయన మొహం వెలిగిపోయింది.

"అయితే ఇంతకుముందు చెప్పినవేవీ నువ్వు వినలేదన్నమాట?"

"ఒక్కటీ లేదు."

"ఒక్కటీనా!" అంటూ ఫిట్టరు బెంచీ మీద పక్కకి జరిగి చోటిచ్చాడు. "పెద్దమ్మా, మా మరదలికి ఇంకో టీ పెట్టు. కూర్చోవే అమ్మా, కూర్చో. నేను పుట్టిన రోజు నుంచీ మొదలుపెడతాను!"