బొటనవేలి కింది నాడి

అధ్యక్షులు ప్రిన్సిపాల్ గారికి, వేదిక మీది పెద్దలకు, నాతోపాటు ల్యాబులో గొంతు చించుకున్న తోటి టీచర్లకు, హాజరు వేయకపోయినా వచ్చి కూర్చున్న మొదటి సంవత్సరం పిల్లలకు నమస్కారం. ఇందాకట్నుంచీ నన్ను తెగ పొగిడేశారు. ఇంత మంచిదాన్నని ముందే తెలిస్తే ఇంట్లో కాస్త బెట్టు చేసేదాన్ని. (నవ్వులు)

ప్రిన్సిపాల్ గారు నా మొదటి బ్యాచ్ కుర్రాడే. చెప్పేయనా సార్? తల ఊపారు, ఇక నన్నెవరూ ఆపలేరు. నేను ఏ పాఠం చెబితే ఆ జబ్బు ఆయనకొచ్చేది. గుండె పాఠం చెప్పిన వారం గుండె పట్టుకుని, కిడ్నీల పాఠం చెప్పిన వారం నడుం పట్టుకుని నా గదికొచ్చి, "మేడమ్, నేను బతుకుతానా?" అనేవారు. కాన్పుల పాఠం నాది కాదు కాబట్టి పరువు దక్కింది. (నవ్వులు)

నవ్వండి గానీ, ఆ భయం ఉత్తుత్తిది కాదర్రా. స్కూల్లో ఫస్టు వచ్చిన పిల్ల ఈ మెడికల్ కాలేజీకొచ్చేసరికి చుట్టూ అందరూ ఫస్టువాళ్ళే. అన్నం సయించదు, చదివింది బుర్రకెక్కదు. ఇంటికి ఫోన్ చేసి బాగానే ఉన్నానని చెప్పి, పెట్టేశాక ఏడుస్తుంది.

అదిగో, వెనక వరుసలో నాన్న పక్కన సూట్‌కేసుతో కూర్చుందే, ఆ అమ్మాయి పోయిన వారం ప్రాక్టికల్స్‌లో నా నాడి చూసింది. మూడు వేళ్ళు ఆనించాల్సింది పోయి, కంగారులో బొటనవేలు నొక్కింది. బొటనవేలికి సొంత నాడి ఉంటుంది కదా, అదే లెక్కబెట్టేసి, "నూట ముప్ఫై మేడమ్! అయ్యో, మీరు ముందు కూర్చోండి!" అంటూ కుర్చీ తెచ్చి వేసింది. క్లాసంతా గొల్లుమంది. అప్పట్నుంచీ ఆ పిల్ల పేరు బొటనవేలు. చదువు మానేసి పోతానంటే, నా రిటైర్మెంటు సభ అయ్యాక వెళ్ళమ్మా అని నేనే బతిమాలి ఆపాను.

పేరు పెట్టిన మహానుభావులూ, మీరొకటి చూడలేదు. తన గుండె అంతలా దడదడలాడుతున్నా, నాకేమవుతుందోనని కుర్చీ వేసింది. ఇన్నేళ్ళ సర్వీసులో అది మాత్రం నేనెవరికీ నేర్పలేకపోయాను.

రామ్మా, ఇలా పైకి రా. నాన్నగారూ, కాస్త పంపించండి. ఇదిగో నా చెయ్యి. మూడు వేళ్ళు... ఆఁ, అలాగే. తొందరేం లేదు, నిమిషం పూర్తిగా లెక్కపెట్టు.

ఎంత? నూట పద్దెనిమిదా? సరిగ్గా చూశావా? (నవ్వులు)

నవ్వకండర్రా, సరిగ్గానే చూసింది. ఈసారి ఆ నాడి నాదే. రేపు పొద్దున లేచి ఎక్కడికెళ్ళాలో తెలీక నాకూ భయంగా ఉంది. ఇంతసేపు జోకులేస్తూ మీకెవరికీ తెలియనివ్వలేదు, ఈ పిల్ల పట్టేసింది.

ఏంటమ్మా? మైకు దగ్గరికొచ్చి చెప్పు.

"మీరు ముందు కూర్చోండి మేడమ్." (చప్పట్లు)

మళ్ళీ కుర్చీ తెచ్చింది, చూశారా! మరి ఆ సూట్‌కేసు స్టేషనుకా, హాస్టలుకా? హాస్టలుకేనా? నాన్నగారూ, విన్నారుగా.

ఇన్నాళ్ళు నన్ను భరించిన మీ అందరికీ పేరుపేరునా కృతజ్ఞతలు. డాక్టరమ్మ కూర్చోమంది, కూర్చుంటున్నాను. సెలవు.